పల్నాటి పట్టణాల పచ్చదనం: పురవర్ణన, చాటువు, వీరగాథల వెలుగులో ఒక ఔచిత్య విమర్శ

వ్యాససంగ్రహం:

పట్టణ ప్రణాళికను, హరితస్థలాలను, విపత్తుల ముప్పు తగ్గింపును ఒక్కచోట చేర్చి ఆలోచించాలన్న మాట నేటి విధానపత్రాల్లో తరచుగా వినిపిస్తోంది. ఈ మూడింటి కలయికను తెలుగు సాహిత్యం ఎలా ఊహించింది, ఆ ఊహ పల్నాటి పట్టణాలకు ఎంతవరకు పనికివస్తుంది అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం. ప్రబంధాల్లోని పురవర్ణన, శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువులు, పల్నాటి వీరచరిత్ర, పుల్లరి ఉద్యమ స్మృతి ఇందుకు ఆధారాలు. పచ్చదనాన్ని పట్టణానికి అలంకారంగా గాక గుణంగా చూడాలని, ఏ నేలకు ఏ పచ్చదనం తగునో ఔచిత్యదృష్టితో నిర్ణయించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పల్నాడు, పురవర్ణన, చాటువు, సప్తసంతానాలు, నాగులేరు, చంద్రవంక, పుల్లరి, పోరంబోకు, పట్టణ ప్రణాళిక, ఔచిత్యం.

1. ఉపోద్ఘాతం:

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. మల్రాజు వంశపు జమీందారుల పేరు మోస్తున్న నరసరావుపేట 1915 నుంచి పురపాలక సంఘం. చంద్రవంక ఒడ్డున ఉన్న మాచెర్ల, వీరగాథలో రాజధానిగా కనిపించే గురజాల, సున్నపుబట్టీలకు పేరుపడిన పిడుగురాళ్ళ, నాగులేటి పరీవాహకంలోని కారెంపూడి, దాచేపల్లి ఈ జిల్లాలోనివే. జిల్లా ఏర్పాటుతో కార్యాలయాలు వస్తాయి, రహదారులు వెడల్పవుతాయి, పొలాలు ఇళ్ళస్థలాలవుతాయి. ఇలా ఊరు పట్టణమయ్యే సమయంలో చెట్టుకు, నీటికి ఏ చోటు దక్కుతుందన్నది తరువాతి తరాల బతుకును నిర్ణయించే ప్రశ్న.

ఇది ఇంజనీర్లు, ప్రణాళికానిపుణులు తేల్చవలసిన విషయం గదా, సాహిత్య విమర్శకు ఇందులో పనేమిటన్న సందేహం సహజం. ప్రణాళిక కూడా ఒక భాషలోనే రూపొందుతుంది. ఒక నేలను ‘బంజరు’ అన్నా, ‘మేతబీడు’ అన్నా కొలత మారదు గాని ఆ నేల భవితవ్యం మారుతుంది. ‘వాగు’ అన్న మాట ‘మురుగుకాలువ’గా మారిన రోజునే ఆ వాగు సగం పూడిపోయినట్టు. మాటల వెనుక ఉన్న విలువలను వెలికితీయడం విమర్శ పని. ఆ మేరకే ఈ వ్యాసం తన పరిధిని గీసుకుంటోంది. కావ్యాన్ని నీటి సర్వేకు ప్రత్యామ్నాయంగా చూపడం దీని ఉద్దేశం కాదు.

2. పురవర్ణనలో నీరు, వనం:

దండి కావ్యాదర్శంలో మహాకావ్య లక్షణాలు చెబుతూ నగరం, సముద్రం, పర్వతం, ఋతువులతో పాటు ఉద్యానవిహారాన్ని, జలక్రీడను వర్ణనీయాంశాలుగా పేర్కొన్నాడు. తెలుగు ప్రబంధకవులు ఆ అష్టాదశ వర్ణనలను శ్రద్ధగా పాటించారు. మనుచరిత్రలో కథ వరణానదీ తీరాన ఉన్న అరుణాస్పదపురంతో మొదలవుతుంది. నది లేని పురం, తోట లేని పురం ప్రబంధానికి పురమే కాదు. దీన్ని కవిసమయమని తోసిపుచ్చడం తేలిక. కాని ఆ సమయం వెనుక కొన్ని నిజమైన పరిశీలనలు ఉన్నాయి. మూడు సందర్భాలు చూద్దాం.

2.1 మనుచరిత్ర అవతారిక:

సప్తసంతానాల్లో కొడుకు, చెరువు, కావ్యం, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం చేరతాయి. మనుచరిత్ర అవతారికలో కృష్ణదేవరాయలు పెద్దనను కృతి అడుగుతూ, ఈ ఏడింటిలో పాడుపడకుండా నిలిచేది కృతి ఒక్కటేనన్న భావం వెలిబుచ్చుతాడు. సాధారణంగా ఈ పద్యాన్ని కవిత్వ ప్రశంసగా వ్యాఖ్యానిస్తాం. దీన్ని మరో వైపు నుంచి కూడా చదవవచ్చు. చెరువులు తవ్వించిన రాజే, చెరువు పాడుపడుతుందని ఇక్కడ ఒప్పుకుంటున్నాడు. కట్టించడంతో పుణ్యం వస్తుందేమో గాని చెరువు నిలవదు. ఏటా పూడిక తీయాలి, గట్టు చూడాలి, తూము కాపాడాలి. వనానికైనా అంతే. మన పట్టణాల్లో పార్కుల ప్రారంభ ఫలకాలకూ ఆ పార్కుల ప్రస్తుత స్థితికీ మధ్య ఉన్న దూరాన్ని ఈ పద్యం అయిదు శతాబ్దాల ముందే సూచించింది.

2.2 ఆముక్తమాల్యద:

ప్రథమాశ్వాసంలో విల్లిపుత్తూరి వర్ణన తెలుగు పురవర్ణనల్లో విశిష్టమైనది. వరిమళ్ళ కాలువల్లో రెక్కల్లో తలలు దాచుకొని నిద్రపోతున్న బాతులను చూసి, తెల్లవారి స్నానాలకు వచ్చిన బ్రాహ్మణులు పిండి మరిచిపోయిన బట్టలనుకొని కావలివాళ్ళు తీయబోతారు. బాతులు లేచిపోతాయి, పొలం కాసే పడుచులు నవ్వుతారు. హాస్యం మాట అటుంచితే, ఈ పద్యంలో ఊరు, కాలువ, మడి, పక్షి, కావలి, పని చేసే స్త్రీ అన్నీ ఒకే చట్రంలో ఉన్నాయి. ఊరి సౌందర్యం ఇక్కడ కోటగోడతో గాక పారే కాలువతో రూపుకట్టింది.

ఇదే కావ్యం చతుర్థాశ్వాసంలోని రాజనీతిలో, నేల కొంచెమైనా కుంటలు, కాలువలు ఏర్పరచి పేదరైతుకు పన్నులో వెసులుబాటు ఇస్తే రాజ్యం వృద్ధి చెందుతుందన్న సలహా ఉంది. అదే రాజనీతి సరిహద్దుల్లో అడవులు పెంచమని, రాజ్యం నడుమ ఉన్న అడవులను దొంగల భయం లేకుండా నరికించమని కూడా చెబుతుంది. అడవి ఇక్కడ రక్షణ వ్యవహారం. కాబట్టి ప్రాచీన సాహిత్యమంతా ప్రకృతి పక్షాన నిలిచిందన్న తేలికపాటి నిర్ణయానికి రాకూడదు.

2.3 వసుచరిత్ర:

రామరాజభూషణుని వసుచరిత్రకు మూలమైన కథలో కోలాహల పర్వతం శుక్తిమతీ నదికి అడ్డుపడుతుంది. వసురాజు తన కాలితో ఆ కొండను తొలగించి నదికి దారి ఇస్తాడు. శృంగార కథకు ఇది నాంది మాత్రమే. అయినా రాజధర్మపరంగా చూస్తే ఇందులో స్పష్టమైన సూత్రం ఉంది: నది దారిని అడ్డుకున్నది కొండయినా సరే, తప్పించవలసింది అడ్డునే. నేడు మనం దీనికి విపర్యయంగా, అడ్డును ఉంచి నదిని పక్కకు మళ్ళించే నేర్పు సంపాదించాం.

3. పల్నాటి చాటువులు: ఫిర్యాదులో దాగిన సర్వే:

ప్రబంధ నగరం నుంచి పల్నాటికి వచ్చేసరికి స్వరం మారిపోతుంది. శ్రీనాథుని పేర లోకంలో వ్యాపించిన చాటువుల్లో పల్నాటి మీద చెప్పినవి ప్రత్యేకంగా నిలిచాయి. వాటి కర్తృత్వం నిర్వివాదం కాదు. అయినా శతాబ్దాలుగా పల్నాటిని తెలుగువారు ఈ పద్యాల అద్దంలోనే చూశారన్నది నిజం.

ఒక చాటువు పల్నాటి పల్లెటూళ్ళ జాబితా ఇస్తుంది: చిన్న రాళ్ళు, చిల్లర దేవుళ్ళు, నాగులేటి నీరు, నాపరాళ్ళు, సజ్జలు జొన్నల తిండి, పాములు, తేళ్ళు. మరొకటి ఈ సీమకు రసికుడు రాదగదని చెబుతూ, ఇక్కడ రంభ అయినా నూలు వడకాలని, రాజయినా దున్నాలని, మన్మథుడికైనా జొన్నకూడే గతి అని వేళాకోళం చేస్తుంది. దాహం వేసి నీరు దొరకక శివుణ్ణి నిలదీసి, బిచ్చమెత్తేవాడికి ఇద్దరు భార్యలెందుకు, గంగను వదిలిపెట్టు అని అడిగిన చాటువును కూడా సంప్రదాయం పల్నాటి సందర్భానికే ముడిపెట్టింది.

ఈ పద్యాలను పాఠంగా చెప్పినప్పుడు పల్నాటి విద్యార్థులు ముందు నవ్వుతారు, ఆ తరువాత కొంచెం నొచ్చుకుంటారు. ఆ రెండు స్పందనలూ సరైనవే. మాగాణి నేలలో వరి అన్నానికి అలవాటుపడ్డ కంటికి మెట్టసీమ లోటుగా కనిపించడం ఈ చాటువుల దృష్టికోణం. ఆ దృష్టిని పక్కనపెట్టి వస్తువును మాత్రం చూస్తే, మొదటి చాటువు ఆశ్చర్యకరమైన సూక్ష్మతతో చేసిన నేల సర్వే. రాయి, వాగు, పంట, జీవజాతి, గ్రామదేవత అన్నీ అందులో ఉన్నాయి. ఒక ప్రాంతపు ప్రణాళికకు ముందు తయారుచేయవలసిన పట్టిక అంతకంటె వేరుగా ఉండదు.

కవి ఎగతాళి చేసిన నాపరాయి చరిత్రను గమనిస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. పల్నాటి సున్నపురాయి మీదనే అమరావతి, నాగార్జునకొండ శిల్పులు ఉలి ఆడించారు. ఆ రాతిపలకల్లో కొన్ని నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆధునిక కాలంలో అదే రాయి మాచెర్ల ప్రాంతంలో సిమెంటుగా, పిడుగురాళ్ళలో సున్నంగా మారి రాష్ట్రమంతటా ఇళ్ళు కట్టింది. పల్నాటి రాయి ఎక్కడెక్కడో నగరాలను నిలబెడితే, పల్నాటికి మిగిలింది క్వారీ గుంతలు, బట్టీల దుమ్ము. పరిహాసపు జాబితాలో చేరిన వనరుకు మర్యాద దక్కదు. మర్యాద లేని వనరు తవ్వకానికి తప్ప పునరుద్ధరణకు నోచుకోదు.

నీటి సంగతి కూడా ఇలాంటిదే. సున్నపురాతి నేలలో నీరు పైన నిలవక పగుళ్ళగుండా కిందికి ఇంకుతుంది. పైకి ఎండిన సీమగా కనిపించే పల్నాటిలో గుత్తికొండ బిలం వంటి గుహల లోపల నీటిమడుగులు ఉండడానికి కారణం ఇదే. గంగను వదలమని శివుణ్ణి అడిగిన కవి కాళ్ళకింద గంగ ఉండే ఉంటుంది. కాని పైన కురిసిన వాన ఇంకే దారి తెరిచి ఉన్నంతవరకే ఆ మాట నిజం. నేలంతా సిమెంటుతో కప్పితే బిలానికి వానకు ఉన్న సంబంధం తెగిపోతుంది.

4. పల్నాటి వీరచరిత్ర: మంద, మడుగు, బిలం:

అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరణతో 1911లో అచ్చయిన పల్నాటి వీరచరిత్రను మనం సాధారణంగా దాయాదుల పోరుగా, బ్రహ్మనాయుడు, నాగమ్మల రాజనీతి సంఘర్షణగా, చాపకూటి సంస్కరణగా చదువుతాం. ఆ పఠనాలన్నీ సమంజసమైనవే. వీటికి తోడుగా, ఈ కథ నేల మీద ఎలా పరచుకుందో చూడాలి.

రాజ్యం రెండుగా చీలి గురజాల, మాచెర్ల రెండు కేంద్రాలవుతాయి. మాచెర్లను నిలబెట్టినది చంద్రవంక, చెన్నకేశవుడి కోవెల. కోడిపోరులో ఓడి దేశం విడిచిన మాచెర్ల వర్గం అడవిలో మందలు కాచుకొని బతుకుతుంది, ఆ మందల మీద దాడి జరుగుతుంది. చివరి యుద్ధం కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున. యుద్ధానంతరం బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని జనశ్రుతి. మైదానంలో మొదలైన కథ నీరు దాగిన గుహలో ముగుస్తుంది.

కారెంపూడిలో కార్తికమాసంలో అయిదు రోజులు జరిగే వీరుల ఉత్సవంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే ఘట్టాలు వరుసగా సాగుతాయి. వీరుల ఆయుధాలకు నాగులేటిలోనే స్నానం. ఈ వరుసలో మందపోరుకు ఒక పూర్తి రోజు దక్కడం గమనార్హం. మేతభూమి, మంద, నీటిరేవు అనే మూడింటి చుట్టూ అల్లుకున్న బతుకును ఈ గాథ తన కేంద్రస్థానంలో నిలిపింది. ప్రబంధంలో పచ్చదనం రాజోద్యానం. వీరగాథలో అది పదిమందీ పశువులను తోలుకుపోయే అడవి, పదిమందీ దిగే రేవు. ఈ వ్యత్యాసాన్ని మన సాహిత్య చరిత్రలు తగినంతగా గుర్తించలేదు.

ఈ సందర్భంలో ఊళ్ళ పేర్లను కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చు. రొంపిచర్ల, మాచెర్ల వంటి నామాల్లోని ‘చర్ల/చెర్ల’ రూపాన్ని ‘చెరువు’కు సంబంధించినదిగా నామవిజ్ఞానం గుర్తిస్తుంది. రెంటచింతల అన్న పేరులో రెండు చింతచెట్లు వినిపిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో వేసవిలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటిగా వార్తల్లో తరచు వినపడే ఊరు ఆ రెంటచింతలే. నిప్పులు చెరిగే ఎండలో ఒక ఊరు తనను తాను రెండు చెట్ల నీడతో గుర్తుపెట్టుకుంది. ఎండదెబ్బ ముప్పుకు ఇంతకంటె పాత సమాధానం, ఇంతకంటె చవకైన సమాధానం పల్నాటికి మరొకటి లేదు.

5. పుల్లరి నుంచి పోరంబోకు దాకా:

మందపోరు పురాస్మృతి అయితే పుల్లరి పోరు నిన్నమొన్నటి చరిత్ర. అడవిలో పశువుల మేతకు బ్రిటిషు ప్రభుత్వం విధించిన పుల్లరికి వ్యతిరేకంగా 1921లో పల్నాటి రైతులు సత్యాగ్రహం చేశారు. ఉద్యమానికి నాయకత్వం వహించిన మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో మరణించాడు. ఆ ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లోనే మాలపల్లి రచించాడు.

మాలపల్లి అన్న శీర్షికలోనే ఒక ప్రణాళికా సత్యం ఉంది. ఊరికి వెలుపల, ఊరు వదిలిన నేలలో ఉండే ఒక వాడను నవల తన కేంద్రంగా చేసుకుంది. మన పట్టణాల్లోనూ పేదలకు దక్కేది వాగు గట్టు, చెరువు లోతట్టు, క్వారీ అంచు. వరద వచ్చినా వడగాడ్పు వీచినా ముందు దెబ్బతినేది అక్కడివారే. అందువల్ల విపత్తుల ముప్పు నేల ఎత్తుపల్లాలను మాత్రమే గాక సమాజపు ఎత్తుపల్లాలను కూడా అనుసరిస్తుంది. వాగు గట్టును ఖాళీ చేయించి పచ్చిక పరచడం ఒక్కటే లక్ష్యమైతే, ఆక్రమణ తొలగింపు పేర మరో వాడను మరింత దూరం నెట్టినట్టే అవుతుంది. గట్టు మీది మనిషికి తగిన ఇంటి చోటు చూపిన తరువాతే గట్టుకు పచ్చదనం న్యాయంగా సమకూరుతుంది.

ఇక్కడ ‘పోరంబోకు’ అన్న మాటను పరిశీలించాలి. శిస్తు లెక్కకు బయట ఉన్న నేల అని దీని రెవెన్యూ అర్థం. వాగు, చెరువు, మేతబీడు, శ్మశానం, దారి అన్నీ ఈ పేరు కిందికే వస్తాయి. వ్యవహారంలో అదే మాట పనికిమాలినవాణ్ణి తిట్టే తిట్టయింది. ఖజానాకు ఆదాయం రాని నేల లోకానికి కూడా ఉపయోగం లేనిదన్న భావం ఈ అర్థపరిణామంలో స్థిరపడింది. నిజానికి వాననీటిని పీల్చేది, వరదను మోసేది, పశువును మేపేది ఆ నేలే. పంచాయతీ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తీర్పు వచ్చినంత వేగంగా మాట విలువ మారదు. చాటువులోని చిన్నచూపు, రికార్డులోని పోరంబోకు ఒకే దృష్టికి రెండు రూపాలు.

6. అలంకారమా, గుణమా?

వామనుడు కావ్యశోభను కలిగించే ధర్మాలను గుణాలని, ఆ శోభను అతిశయింపజేసేవాటిని అలంకారాలని వేరుచేశాడు. గుణం నిత్యం, అలంకారం అనిత్యం. గుణం లేకుండా అలంకారం ఒక్కటే శోభను పుట్టించలేదు. నేటి పట్టణ ప్రణాళికను విమర్శించడానికి ఈ భేదం చక్కగా ఉపకరిస్తుంది. మన పురపాలనలో చెరువుకైనా, వాగుకైనా, కూడలికైనా వాడుతున్న మాట ‘సుందరీకరణ’. అంటే పచ్చదనాన్ని మొదటే అలంకారాల పద్దులో రాసుకున్నామన్నమాట. అలంకారాల పద్దును డబ్బు తక్కువైనప్పుడు కొట్టివేయడం సహజం.

పచ్చదనం గుణమైనప్పుడు ఏం జరుగుతుందో, అలంకారమైనప్పుడు ఏం జరుగుతుందో తెలుగు నేల మీదనే రెండు ఉదాహరణలున్నాయి.

మొదటిది మూసీ. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని బలిగొంది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. నగరాభివృద్ధి మండలి ఏర్పడి ఇరుకు వాడలను తిరిగి తీర్చింది, నది ఒడ్డున ఉద్యానాలు వెలిశాయి. జలాశయం, విశాలమైన వీధి, నదితీరపు తోట ఒకే ఆలోచనలో భాగాలయ్యాయి. నాటి వరదలో ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలోని ఒక చింతచెట్టు ఎక్కి 150 మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టును నగరం ఇప్పటికీ స్మరించుకుంటుంది. అదే మూసీ తరువాతి దశాబ్దాల్లో మురుగుకు, ఆక్రమణకు లోబడింది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదు కాలనీలు మునగడం, చెరువుల మధ్య ఉన్న గొలుసుకట్టు తెగిపోవడానికి సాక్ష్యం. గుణంగా మొదలైన దాన్ని నిర్వహణ లేక పోగొట్టుకున్నాం. రాయలు చెప్పిన మాట ఇక్కడ మళ్ళీ గుర్తుకు రావాలి.

రెండవది బుడమేరు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన భారీవర్షాలకు బుడమేరు గట్లు తెగి విజయవాడలో సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. కొల్లేటికి పోవలసిన వాగును నగరం మరిచిపోయింది గాని వాగు తన దారిని మరవలేదు. శుక్తిమతికి అడ్డుపడిన కోలాహలం ఇక్కడ ఇళ్ళ రూపంలో, రోడ్ల రూపంలో ఉంది.

పల్నాటి పట్టణాలు విజయవాడ అంత పెద్దవి కావు. అదే వాటికి ఉన్న అవకాశం. చంద్రవంక, నాగులేరు వంటి మెట్టవాగులు ఏడాదిలో ఎక్కువకాలం ఎండిపోయి, ఎగువన వాన పడినప్పుడు ఒక్కపెట్టున వస్తాయి. ఎండిన వాగు ఖాళీ స్థలంలా కనిపించడమే అసలు ప్రమాదం. భవన నిబంధనల ప్రకారం 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగు హద్దు నుంచి 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పున్న దానికి 2 మీటర్లు విడిచిపెట్టాలి. లేఅవుట్లలో 10 శాతం బహిరంగ స్థలం వదలాలి. నిబంధనలు ఉన్నాయి. వాటి అమలులో ఎంత విడిచారన్న లెక్క ప్రధానమై, ఎక్కడ విడిచారన్న విచక్షణ అప్రధానమవుతోంది. వెంచరులో పల్లంగా, నీరు చేరే చోట ఇళ్ళు కట్టి, మిట్ట మీద మిగిలిన మూలను పార్కుగా చూపితే 10 శాతం లెక్క సరిపోతుంది, నీటి లెక్క తప్పుతుంది.

7. ఔచిత్య దృష్టితో పల్నాటి పచ్చదనం:

క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని వివరిస్తూ, మెడలో ధరించిన మొలనూలు, నడుమున వేలాడే హారం నవ్వు పుట్టిస్తాయని చెప్పాడు. ఆభరణం మంచిదే, చోటు తప్పింది. నీటి ఎద్దడి ఉన్న పల్నాటిలో రోజూ తడపవలసిన పచ్చిక మైదానం ఆ నడుము మీది హారం వంటిది. తెలుగు రాష్ట్రాల్లో రోడ్ల మధ్య విరివిగా నాటిన కోనోకార్పస్ ఉదంతం ఇటువంటిదే. త్వరగా పెరుగుతుందని తెచ్చారు, ఆ తరువాత ఆరోగ్య, పర్యావరణ కారణాలు చెప్పి తొలగించాలన్న వాదం వచ్చింది. నేలను అడగకుండా చెట్టును ఎంచుకున్న ఫలితమిది.

పైన పరిశీలించిన వాఙ్మయం నుంచి పల్నాటికి తగిన పచ్చదనాన్ని నాలుగు విధాలుగా గుర్తించవచ్చు.

మొదటిది నీడ. పల్నాటి ప్రధాన విపత్తు ఎండ. నాపరాళ్ళు పరచిన వీధి, కాంక్రీటు కప్పు వేడిని దాచుకొని రాత్రి వదులుతాయి. అహ్మదాబాదు 2013లోనే వడగాడ్పులను ఎదుర్కొనే కార్యాచరణ ప్రణాళికను రూపొందించుకుంది. చింత, వేప, రావి, మర్రి, కానుగ వంటి ఈ నేల చెట్లను బస్టాండు, సంత, బడి, ఆసుపత్రి దారుల వెంట వరుసగా పెంచడం పల్నాటికి ఆ ప్రణాళికలో మొదటి పేజీ కావాలి.

రెండవది వాగు గట్టు. మాచెర్లలో చంద్రవంక, కారెంపూడిలో నాగులేరు ఊరికి వెనుకవైపున గాక ముఖంగా ఉండాలి. గట్ల వెంట చెట్లు, మేత, నడకదారి ఉంటే అది వరదకు చోటు, వేసవికి చల్లదనం. వీరుల ఆయుధాలు ఏటా నాగులేటిలో స్నానం చేస్తున్నంతకాలం ఆ ఏటికి సాంస్కృతిక రక్షణ ఉంది. దానికి చట్టరక్షణను జతచేయడమే మిగిలింది.

మూడవది ఇంకుడు నేల. సున్నపురాతి సీమలో కుంట, చెరువు, వాడకం ఆగిన క్వారీ గుంత, మేతబీడు వాననీటిని కిందికి దించే ద్వారాలు. వీటిని పోరంబోకుగా గాక పట్టణపు నీటిఖాతాగా రికార్డు చేయాలి. క్వారీ గుంతల విషయంలో గట్టు భద్రత, నీటి నాణ్యత చూసిన తరువాతే వాటిని వాడుకోవాలి.

నాలుగవది ఉమ్మడి హక్కు. మందపోరు, పుల్లరి పోరు రెండూ చెప్పేది ఒకటే: పల్నాటిలో పచ్చని నేల మీద జనానికి హక్కుభావం ఉంది. ప్రవేశరుసుము పెట్టి ప్రహరీ కట్టిన పార్కు ఆ భావాన్ని నొప్పిస్తుంది. మేకలు తోలుకొచ్చే ముసలమ్మకు చోటు లేని పచ్చదనం కొత్త పుల్లరి అవుతుంది.

ఈ ప్రతిపాదనల మీద ఒక అభ్యంతరం రావచ్చు. నాగార్జునసాగర్ కుడికాలువ వచ్చిన తరువాత పల్నాడు చాటువుల నాటి పల్నాడు కాదు గదా, పాత పద్యాల ఆధారంగా కొత్త పట్టణాన్ని ఎలా ఊహిస్తాం అని. 1967లో కాలువలకు నీరు వదిలిన నాటి నుంచి ఈ సీమలో వరి పండుతోంది, అన్నం మారింది. అయితే కాలువ నీరు ఎక్కడో కురిసిన వాన. అది రాని ఏడు సీమ మళ్ళీ చాటువులోని సీమే అవుతుంది. పైగా ఆ జలాశయం అడుగున ఇక్ష్వాకుల విజయపురి ఉంది. 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాల్లో కోట, స్నానఘట్టం, ప్రేక్షాగారం బయటపడ్డాయి. వాటిలో కొన్నింటిని అనుపులో, నాగార్జునకొండ ద్వీపంలో తిరిగి నిలిపారు. కృష్ణకు మెట్లు కట్టుకొని బతికిన పల్నాటి తొలి మహానగరాన్ని పొలాల కోసం నీటికి అప్పగించాం. ఇంత మూల్యం చెల్లించి తెచ్చుకున్న నీటిని ఇంకనివ్వని పట్టణాలు కట్టడం న్యాయం కాదు.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• ప్రబంధ పురవర్ణనలో నీరు, వనం నగరానికి అంతర్భాగాలు. సప్తసంతాన భావన నిర్మాణంతో పాటు నిర్వహణ ఆవశ్యకతను కూడా పరోక్షంగా గుర్తించింది.

• పల్నాటి చాటువులు మాగాణి దృష్టితో చేసిన పరిహాసాలు. వాటిలోని వస్తుసూచి మాత్రం ఈ నేలకు సంబంధించిన విలువైన సర్వే.

• పల్నాటి వీరచరిత్ర, కారెంపూడి ఉత్సవం, పుల్లరి ఉద్యమం ఉద్యాన సంస్కృతికి భిన్నమైన ఉమ్మడి పచ్చదనాన్ని ప్రతిపాదిస్తాయి.

• ‘పోరంబోకు’, ‘సుందరీకరణ’ అన్న మాటలు పచ్చని నేలను వ్యర్థంగానో అలంకారంగానో చూపుతాయి. రెండు చూపులూ ముప్పును పెంచేవే.

• పల్నాటి పట్టణాలకు నీడ, వాగు గట్టు, ఇంకుడు నేల, ఉమ్మడి హక్కు అన్న నాలుగు ఉచితమైన హరితరూపాలు. వీటిలో పేదల నివాసహక్కు విడదీయరాని భాగం.

నరసరావుపేట, మాచెర్ల, గురజాలల రేపటి పటాలు ఇంకా పూర్తిగా గీయబడలేదు. గీసేవారి బల్ల మీద సర్వే నంబర్ల పక్కన ఆ చాటువును కూడా ఉంచగలిగితే, కవి ఎగతాళిగా లెక్కపెట్టినవాటిని మనం జాగ్రత్తగా లెక్కపెట్టుకున్నవారమవుతాం. తెలుగు శాఖల పరిశోధకులు తమ తమ ఊళ్ళ పేర్లను, చాటువులను, గాథలను, వాగుల స్మృతులను ఈ దృష్టితో సేకరించి స్థానిక సంస్థలకు అందజేయవలసిన అవసరం ఉంది. ఊరు పట్టణమయ్యాక ఆ సేకరణ జ్ఞాపకంగా మిగులుతుంది. ఇప్పుడు చేస్తే ప్రణాళికలో భాగమవుతుంది.